ఎండుటాకులా కూర్చున్న ఆ చిమ్మట ఏది? తిప్పతీగ మీది కళ్ళ పురుగుకూ దానికీ సంబంధం ఉందా?

మీరు మూడు ఫోటోలు పెట్టారు. మొదటిది అక్టోబరులో శ్రీశైలం దారిలో, నల్లమల అంచున ఆగినప్పుడు తీసింది. మద్దిచెట్టు మొదలుకు ఎండుటాకు అతుక్కున్నట్టు ఉంది. రెండోది, పిల్లలు పుల్లతో కదిపితే అదే ఆకు ఎగిరిపోతున్న క్షణం. మసకగా ఉన్నా నారింజ రంగు, నలుపు స్పష్టంగానే తెలుస్తున్నాయి. మూడోది మీ ఇంటి ప్రహరీ మీది తిప్పతీగపై దొరికిన నల్లటి లద్దెపురుగు. దాని ఒంటి పక్కన కళ్ళలాంటి మచ్చలున్నాయి. ఇది ఏమిటి, ఆ రెండూ ఒకే జాతా, పిల్లలు ముట్టుకున్నారు కాబట్టి భయపడాలా, మీ బాబాయిగారి బత్తాయి తోట కోసం తిప్పతీగలన్నీ పీకేయమని ఎవరో చెప్పారట, పీకేయాలా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. మీరు చూసింది యూడోసిమా అనే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు చెందిన పెద్ద చిమ్మట. వ్యవసాయ శాఖ వాళ్ళు, బత్తాయి రైతులు దీన్ని పండు రసం పీల్చే రెక్కల పురుగు అంటారు. ప్రహరీ మీది లద్దెపురుగు కూడా అదే ప్రజాతి పిల్ల. దానికి కాటు లేదు, విషం లేదు. తిప్పతీగలు పీకనక్కరలేదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పురుగు జీవితం తెలియకుండా దాని మీద తీసుకునే నిర్ణయాలన్నీ గురి తప్పుతాయి.

మొదటి ఫోటోను పెద్దది చేసి చూడండి. ముందు రెక్కల కొన సన్నగా, మొనదేలి ఉంది. వెనుక అంచు తిన్నగా లేదు, మధ్యలో లోపలికి వంగి, చివర చిన్న కొక్కెంలా బయటికి పొడుచుకు వచ్చింది. రెక్క మీద ఏటవాలుగా ఒక గీత నడుస్తోంది. అది ఆకు నడిమి ఈనెలా కనిపిస్తుంది. దాని చుట్టూ సన్నటి గీతలు, అక్కడక్కడా బూజు పట్టినట్టు ఆకుపచ్చ, తెల్లటి మరకలు ఉన్నాయి. తలవైపు రెండు పొడవాటి భాగాలు పైకి లేచి ముందుకు వచ్చాయి. మీరు వాటిని కాళ్ళు అనుకుని ఉండవచ్చు. అవి నోటికి ఇరువైపులా ఉండే స్పర్శాంగాలు. ఈ ప్రజాతిలో అవి పొడవుగా, కొన దగ్గర కాస్త వెడల్పుగా ఉండి అచ్చం ఆకు తొడిమలా తోస్తాయి. తొడిమ, ఈనె, మొనదేలిన కొన, చిరిగిన అంచు, ఇన్నీ ఒకే పురుగులో కలిసి ఉండటం మన అడవుల్లో అరుదు. అందుకే మొదటి ఫోటో ఒక్కటే చూసినా యూడోసిమా అని నేను చెప్పగలిగేవాణ్ణి.

రెక్క చదునుగానే ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఫోటోలో ఆకు ముడుచుకున్నట్టు, ఒక పక్క నీడలో ఉన్నట్టు కనిపిస్తోందే, ఆ వంపు నిజంగా అక్కడ లేదు. గీతల రంగు క్రమంగా ముదురుతూ, లేతబడుతూ పోవడం వల్ల మన కంటికి లోతు ఉన్నట్టు అనిపిస్తుంది. పగలంతా కదలకుండా ఉండే పురుగుకు ఈ ముసుగే ప్రాణాధారం. పక్షులు కంటితోనే వేటాడతాయి, వాటికి ఆకు పనికిరాదు.

రెండో ఫోటోలో కనిపించే నారింజ రంగు వెనుక రెక్కలది. కూర్చున్నప్పుడు ముందు రెక్కలు ఇంటి కప్పులా రెండు వైపులా వాలి, వెనుక రెక్కలను పూర్తిగా కప్పేస్తాయి. ముసుగు పనిచేయక ఏదైనా మీదికి వస్తే చిమ్మట ఒక్కసారిగా ఎగురుతుంది. అప్పటిదాకా ఎండుటాకు ఉన్నచోట నారింజ, నలుపు రంగులు భగ్గుమంటాయి. ఆ క్షణం పక్షి తటపటాయిస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైనది తరువాత జరుగుతుంది. చిమ్మట కొద్ది దూరంలో వాలగానే రెక్కలు ముడుచుకుపోయి నారింజ రంగు మాయమవుతుంది. వెంటపడినది నారింజ రంగు కోసమే వెతుకుతూ ఎండుటాకును దాటి వెళ్ళిపోతుంది. మీ పిల్లలు కూడా అది ఎక్కడ వాలిందో కనిపెట్టలేకపోయారని రాశారు. ఐరోపా, అమెరికా అడవుల్లోని కాటోకాలా చిమ్మటలదీ ఇదే పద్ధతి. వాటి ముందు రెక్కలు బెరడులా ఉంటాయి, వెనుక రెక్కలు ఎరుపో పసుపో.

దీనితో పొరబడే అవకాశం ఉన్నవి మన ప్రాంతంలో కొన్ని ఉన్నాయి. ఎక్కువగా ఎదురయ్యేది మెలనైటిస్ లెడా అనే గోధుమరంగు సీతాకోకచిలుక. సాయంత్రం చీకటి పడే వేళ ఇంటి పెరట్లో తక్కువ ఎత్తులో ఎగురుతూ కనిపిస్తుంది. ఎండాకాలపు రూపంలో అది కూడా ఎండుటాకులాగే ఉంటుంది. కానీ అది రెక్కలను వీపు మీద నిలువుగా మూసి రాలిన ఆకుల మధ్య కూర్చుంటుంది. దాని మీసాల కొనలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. మీ చిమ్మట మీసాలు దారంలా సన్నగా, కొన దాకా ఒకే తీరుగా ఉన్నాయి. టేకు ఆకులు తినే హిబ్లియా ప్యూరా అనే చిమ్మటకూ ముందు రెక్కలు గోధుమ రంగులో, వెనుక రెక్కలు నలుపు మీద నారింజ మచ్చలతో ఉంటాయి. ఆదిలాబాద్ వైపు టేకు అడవుల్లో తిరిగేవాళ్ళు దీన్ని చూసే ఉంటారు. అది చాలా చిన్నది, రెక్కలు పూర్తిగా విప్పినా మూడు, నాలుగు సెంటీమీటర్లు దాటదు. మీరు చూసినది ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పుల్ల పక్కన తీసిన ఫోటో కాబట్టి పరిమాణం గురించి అనుమానం లేదు. ఇక ఎరీబస్ అనే గుడ్లగూబ చిమ్మట. అదీ పెద్దదే, అదీ బెరడు మీద కూర్చుంటుంది. అయితే అది నాలుగు రెక్కలనూ చదునుగా పరిచి కూర్చుంటుంది, ముందు రెక్క మీద పెద్ద కన్ను ఉంటుంది. కప్పులా వాలిన రెక్కలు దానికి ఉండవు.

ప్రజాతి తేలింది. జాతి తేలలేదు. మన రెండు రాష్ట్రాల్లో ముఖ్యంగా మూడు జాతులు గుర్తుంచుకోవాలి. యూడోసిమా మాటెర్నా, యూడోసిమా ఫలోనియా, యూడోసిమా హోమీనా. మొదటి రెంటికీ పేరు పెట్టినది స్వీడన్ శాస్త్రవేత్త లినేయసే, ఫలోనియాకు 1763లో, మాటెర్నాకు 1767లో. పాత వ్యవసాయ పుస్తకాల్లో ఫలోనియాను ఒథ్రీస్ ఫుల్లోనియా అని రాశారు. ఆ పేరు కనిపిస్తే వేరే పురుగు అనుకోకండి. కుటుంబం కూడా మారింది. ఒకప్పుడు నాక్టుయిడే అనేవారు, ఇప్పుడు ఎరీబిడేలో ఉంచుతున్నారు.

వీటిని వేరు చేయాలంటే ముందు రెక్కలను నమ్ముకోకూడదు. ఇంతసేపూ ముందు రెక్కల గురించే చెప్పి ఇప్పుడిలా అంటున్నాననుకోవచ్చు, కానీ ముందు రెక్క ప్రజాతిని చెప్పినంత ఖచ్చితంగా జాతిని చెప్పదు. ఒకే జాతిలో మగదానికీ ఆడదానికీ తేడా ఉంటుంది. ఫలోనియా మగది చాలావరకు సాదా గోధుమ రంగులో ఉంటే, ఆడది మరకలతో, గీతలతో చిత్రవిచిత్రంగా ఉంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే రెండు జాతులని ఎవరైనా అంటారు. జాతిని చెప్పేది వెనుక రెక్క మధ్యనున్న నల్ల మచ్చ. మాటెర్నాకు అది గుండ్రంగా, బొట్టు పెట్టినట్టు విడిగా ఉంటుంది. ఫలోనియాకు పెద్దదిగా, వంకీ తిరిగి ఉంటుంది. రెంటికీ రెక్క అంచున నల్లటి పట్టీ ఉంటుంది, అంచున తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. హోమీనా మచ్చ కూడా ఫలోనియా మచ్చను పోలి వంకరగానే ఉంటుంది. ఆ రెంటినీ ఒక్క మసక ఫోటోతో విడదీయడం న్యాయం కాదు. మీ రెండో ఫోటోలో రెక్క కదిలిపోయి మచ్చ చారలా సాగింది. కాబట్టి ఇప్పటికి యూడోసిమా అని రాసుకుని జాతి దగ్గర ఖాళీ వదలండి. ఖాళీ వదిలిన నమోదు తరువాత పనికొస్తుంది. ఊహించి రాసిన పేరు మరొకరిని తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు ప్రహరీ మీది పురుగు దగ్గరికి వద్దాం. నిజానికి మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

చిమ్మటలను గుర్తుపట్టడంలో చాలామంది రెక్కల దగ్గరే ఆగిపోతారు. లద్దెపురుగు దశలో రెక్కలుండవు, రంగులు మారిపోతుంటాయి. అక్కడ మనకు దిక్కు అది తినే మొక్క. యూడోసిమా ఆడ చిమ్మటలు ఇక్కడ గుడ్లు పెట్టేది తిప్పతీగ కుటుంబానికి చెందిన తీగల మీద. మన పక్కన ప్రధానంగా తిప్పతీగ, దూసరితీగ. ఈ కుటుంబపు మొక్కల్లో ఆల్కలాయిడ్లు అనే చేదు రసాయనాలు ఉంటాయి. తిప్పతీగ కాండంలోని బెర్బెరిన్ అలాంటిదే. చాలా పురుగులు ఆ చేదు జోలికి పోవు. యూడోసిమా పిల్లలు దాని మీదే పెరుగుతాయి. అందుకే తిప్పతీగ మీద, ఒంటి పక్కన కళ్ళతో, నున్నటి నల్ల పురుగు కనిపించిందంటే నేను మరో ప్రశ్న వేయకుండా యూడోసిమా అంటాను. పసిఫిక్ దీవుల్లో మాత్రం ఫలోనియా పిల్లలు మన బాడిద చెట్టు ప్రజాతికి చెందిన చెట్ల ఆకులు తింటాయి. అదొక మినహాయింపు, మనకు వర్తించదు.

2020లో కోవిడ్ వచ్చాక కషాయం కోసమని చాలా ఇళ్ళ ప్రహరీల మీదికీ, వేపచెట్ల మీదికీ తిప్పతీగ ఎక్కింది. ఊళ్ళలో ఈ కళ్ళ పురుగు గురించి అడిగేవాళ్ళు కూడా అప్పటి నుంచి నాకు ఎక్కువయ్యారు. తీగ ఎక్కడుంటే చిమ్మట అక్కడికి వస్తుంది. మీ ఇల్లు అడవికి ఎంత దూరమన్నది దానికి పెద్ద అడ్డంకి కాదు. బలంగా ఎగరగల పురుగు అది.

దాని జీవితం గుడ్డు నుంచి ఇలా నడుస్తుంది. ఆడ చిమ్మట రాత్రివేళ తీగ ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది. ఒక్కొక్కటిగానో, కొన్ని కలిపో పెడుతుంది. గుడ్డు గుండ్రంగా, లేత పసుపు కలిసిన తెలుపులో, ఆవగింజ కన్నా చిన్నదిగా ఉంటుంది. జీవితకాలంలో ఒక్కో ఆడది పెట్టే గుడ్లు వందల్లో ఉంటాయి. మన వాతావరణంలో మూడు, నాలుగు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. అప్పుడది దారప్పోగంత సన్నగా, పాలిపోయిన రంగులో ఉంటుంది. ఆకు పచ్చదనాన్ని గీకి తింటుంది. పెరిగేకొద్దీ ఆకును అంచు నుంచి కొరికి తినడం మొదలుపెడుతుంది. సాధారణంగా అయిదు దశలు, నాలుగు సార్లు చర్మం విడవడం. మొత్తం రెండు, మూడు వారాలు. చివరి దశలో అయిదారు సెంటీమీటర్ల పొడవు, వేలంత లావు ఉంటుంది. మీరు ఫోటో తీసింది ఆ దశనే.

నడిచేటప్పుడు అది వీపును సగం వంచి నడుస్తుంది. మన రైతులకు ఆముదం పంటలో దాసరి పురుగు తెలుసు కదా, దాని నడకే. పొట్ట కింది కాళ్ళలో ముందరి జత సరిగా ఎదగకపోవడంతో అలా వంగాల్సి వస్తుంది. ఆ దాసరి పురుగు పెద్దదై అకియా జనాటా అనే చిమ్మట అవుతుంది, అదీ ఎరీబిడే కుటుంబమే. దాని విషయం తోట దగ్గర మళ్ళీ చెప్పాల్సి ఉంది.

రంగు చూసి కంగారు పడకండి. ఒకే జాతి పిల్లలు నల్లగా, ముదురు గోధుమగా, ఒక్కోసారి ఆకుపచ్చగా కూడా ఉంటాయి. మారనివి ఆ కళ్ళే. పొట్ట భాగంలో రెండో, మూడో ఖండాల పక్కన చెరొక కన్ను, అంటే ఒక్కో వైపు రెండు. నల్లటి పాప చుట్టూ లేత రంగు వలయాలు. పురుగును కదిపితే తలను లోపలికి ముడిచి ముందుభాగాన్ని వంచుతుంది, వెనుక భాగం పైకి లేస్తుంది. అప్పుడు ఆ కళ్ళున్న ఖండాలే ముందుకు వచ్చి పాము తలలా కనిపిస్తాయి. మీ పాప అదే చూసి అరిచిందని రాశారు. పిట్ట కూడా ఆ పాటి వెనకడుగు వేస్తే పురుగుకు చాలు. నిజమైన కళ్ళు ముడుచుకున్న తల మీద ఎక్కడో సూది మొనల్లా ఉంటాయి, అవి మీకు ఫోటోలో దొరకవు.

బాగా తిన్నాక పురుగు తీగ మీదే రెండు, మూడు ఆకులను దారంతో దగ్గరికి లాగి కుట్టుకుంటుంది. ఆ ఆకుల పొట్లంలో ముదురు గోధుమ రంగు ప్యూపాగా, అంటే చిమ్మట కాబోయే ముందు కదలకుండా ఉండే దశకు మారుతుంది. పట్టుపురుగులా మందమైన గూడు కట్టదు, పలుచని అల్లికే. అందులో పది రోజుల నుంచి రెండు వారాలు. తరువాత ఒక రాత్రి చిమ్మట బయటికి వచ్చి, ముడతలుపడిన రెక్కలను వేలాడదీసి, రక్తం నింపి సాగదీసుకుని, ఆరబెట్టుకుంటుంది. గుడ్డు నుంచి ఎగిరే చిమ్మట దాకా దాదాపు నెల, నెల పదిరోజులు. ఏడాదిలో అనేక తరాలు వస్తాయి.

అలాంటప్పుడు ఇవి ఏడాదంతా ఒకేలా ఎందుకు కనిపించవు? దానికి జవాబు తీగలోనే ఉంది. తిప్పతీగ ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. మోడు తీగ మీద పిల్లలు బతకవు కాబట్టి అప్పుడు సంఖ్య అట్టడుగుకు పడుతుంది. జూన్‌లో వానలు పడగానే తీగ చిగురిస్తుంది. గుట్టల మీద, కంచెల మీద, అడవి అంచుల్లో ఎక్కడ చూసినా లేత ఆకు. జూలై, ఆగస్టుల్లో ఒక తరం మీద మరో తరం పెరుగుతుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా చిమ్మటలు ఎక్కువగా ఎగురుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే నల్లగొండ, అనంతపురం, కడప, ప్రకాశం జిల్లాల్లో బత్తాయి పండుతుంది. మీరు అక్టోబరులో అడవి అంచున దాన్ని చూడటం, మీ బాబాయిగారు అదే నెలలో పండు రాలుతోందని బాధపడటం రెండూ ఒకే వాన ఫలితాలు.

పంట పురుగుల్లో ఇది విలక్షణమైనది. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దెపురుగు, కాయతొలుచు పురుగు, ఏది తీసుకున్నా నష్టం చేసేది పిల్ల దశ. రెక్కలొచ్చాక అవి మకరందం తాగి గుడ్లు పెట్టి పోతాయి. యూడోసిమాలో పిల్ల పంటను ముట్టదు. నష్టమంతా రెక్కలొచ్చినదే చేస్తుంది. దాని తొండం మిగతా చిమ్మటలకున్నట్టు మెత్తని గొట్టం కాదు. గట్టిపడి, కొన వాడిగా, ముళ్ళతో ఉంటుంది. రెండు సగాలను ఒకదాని తరువాత ఒకటి ముందుకూ వెనక్కూ జరుపుతూ చెక్కుచెదరని బత్తాయి తోలునే తొలిచేస్తుంది. తరువాత లోపలి తొనల రసం తాగుతుంది. బయటికి కనిపించేది గుండుసూది గుచ్చినంత రంధ్రం. ఆ దారిన బూజు, బాక్టీరియా వెళతాయి. రంధ్రం చుట్టూ తోలు మెత్తబడి గోధుమ రంగుకు తిరుగుతుంది. నొక్కితే రసం చిమ్ముతుంది. కొద్ది రోజుల్లో పండు రాలిపోతుంది. ఇది పండు ఈగ పని అనుకునే రైతులు చాలామంది ఉన్నారు. కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులుంటే పండు ఈగ, పురుగు లేకుండా కుళ్ళిపోయి ఉంటే చిమ్మటల పని అయ్యే అవకాశం ఎక్కువ. ఇందాక చెప్పిన దాసరి పురుగు చిమ్మటలాంటివి యూడోసిమా చేసిన రంధ్రాల దగ్గరికి చేరి మిగిలిన రసం తాగుతాయి. రాత్రి తోటలో వాటి సంఖ్య ఎక్కువ కనిపించినా మొదటి రంధ్రం చేసినది సాధారణంగా యూడోసిమానే. బత్తాయి ఒక్కటే కాదు, దానిమ్మ, జామ, నారింజ కూడా దానికి ఇష్టమే.

ఇక మీ పిల్లల విషయం. యూడోసిమా తొండం పండు కోసం. మనుషులను కుట్టదు. దీని దగ్గరి బంధువుల్లో కాలిప్ట్రా అనే ప్రజాతి ఉంది. అందులో కొన్ని జాతుల మగ చిమ్మటలు పశువుల చర్మాన్ని గుచ్చి రక్తం తాగుతాయి. ఇంటర్నెట్‌లో రక్తం తాగే చిమ్మట అన్న వార్త దాని గురించి, దీని గురించి కాదు. లద్దెపురుగుకు వెంట్రుకలు లేవు, ముళ్ళు లేవు, చేతిమీద పాకినా దద్దుర్లు రావు. దురద పెట్టేవి ఒళ్ళంతా నూగున్న గొంగళి పురుగులు, ముళ్ళతో మందంగా ఉండే కొన్ని ఆకుపచ్చ పురుగులు. వాటిని ముట్టుకోవద్దని పిల్లలకు నేర్పండి. చిమ్మట రెక్కల పొడి కంట్లో పడితే మండుతుంది కాబట్టి పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. అంతకు మించిన జాగ్రత్త అక్కరలేదు.

ఇక తీగలు పీకే సంగతి. ఈ సలహా పాత వ్యవసాయ పుస్తకాల్లోనూ ఉంది, దాని వెనుక తర్కం కూడా ఉంది. లద్దెపురుగులకు తిండి లేకపోతే చిమ్మటలుండవు. కానీ తోట చుట్టూ గుట్టలున్నచోట, అడవి దగ్గరున్నచోట ఆ తర్కం నిలవదు. చిమ్మట దూరం నుంచి ఎగిరి వస్తుంది. మీ ప్రహరీ మీది ఒక తీగ పోతే గుట్ట మీది వెయ్యి తీగలు అలాగే ఉంటాయి. గుట్ట మీది తీగలను నరికించాలని ఆలోచించేవాళ్ళకు నా మాట మరింత గట్టిగా చెబుతాను, దయచేసి ఆ పని చేయకండి. ఆ తీగలు ఒక్క యూడోసిమాకే ఆహారం కాదు. దాని గుడ్లలో తమ గుడ్లు పెట్టి వాటిని లోపలి నుంచే తినేసే ట్రైకోగ్రామా లాంటి అతి చిన్న కందిరీగలు కూడా ఆ తీగల మీదే వేటాడతాయి. తీగ పోతే ముందు పోయేవి అవి. మందుగా ఆ తీగను ఏరుకునే మనుషులూ ఉన్నారు. తోట కంచె మీదే దట్టంగా అల్లుకుని ఉంటే మాత్రం, వానాకాలంలో వారానికోసారి ఆకుల అడుగున చూసి పురుగులను ఏరేయమని బాబాయిగారికి చెప్పండి. అది చాలు.

తోటలో నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. రాలిన పండు ఒక్కటి కూడా చెట్టు కింద ఉంచకూడదు. ఆ కుళ్ళిన వాసనే చిమ్మటలను పిలుస్తుంది. ఏరి లోతుగా పాతిపెట్టాలి. పండిన కాయను చెట్టు మీద ఆపకుండా కోయించాలి. చెట్లు తక్కువైతే పండ్లకు సంచులు కట్టడం, లేదా చెట్టు మీద వల వేయడం అన్నింటికన్నా నమ్మదగిన పని. శ్రమ ఎక్కువే కానీ ఫలితం ఖాయం. పొద్దుగూకే వేళ పొగ పెట్టడం మన రైతుల పాత పద్ధతి, గాలి లేని రాత్రుల్లో కొంత పనిచేస్తుంది. పండ్ల మీద పురుగుమందు కొట్టడం మాత్రం డబ్బు దండగ. చిమ్మట చెట్టు మీద కాపురం ఉండదు, రాత్రి వచ్చి తొండాన్ని తోలు లోపలికి దించి తాగి వెళ్ళిపోతుంది. మందు పండు పైన ఉంటుంది, అది తాగేది లోపలి రసం. తోటలో రసాయనం మిగులుతుంది, చిమ్మట మిగులుతుంది. బెల్లం నీళ్ళలో మందు కలిపి ఎరగా పెట్టే పద్ధతి ఉంది. అందులో తేనెటీగలు, ఇతర పురుగులు కూడా చస్తాయి కాబట్టి స్థానిక వ్యవసాయాధికారి చెప్పకుండా సొంతంగా మోతాదులు కలపవద్దు.

దీపపు ఎరల గురించి కూడా అడుగుతారు. యూడోసిమా చాలా చిమ్మటల్లా దీపం వైపు ఎగబడి రాదు. దాన్ని లాగేది పండు వాసన. జపాన్ తోటల్లో దీపాన్ని మరోలా వాడతారు. చెట్ల మధ్య రాత్రంతా పసుపు దీపాలు వెలిగిస్తారు. ఆ వెలుతురులో చిమ్మట కంటికి పగలన్న భ్రమ కలిగి, అది పగటిపూట ఉన్నట్టే కదలకుండా ఉండిపోతుంది. కరెంటు ఖర్చు చూసుకుంటే మన చిన్న తోటలకు అది సాధ్యపడకపోవచ్చు.

ప్రహరీ మీది పురుగును పెంచి చూడాలని పిల్లలు అడుగుతున్నారని చివర్లో రాశారు. తప్పకుండా పెంచండి. జాతి పేరు తేల్చడానికి ఇదే సులువైన దారి కూడా. వెడల్పాటి సీసా, మూతకు బదులు పలుచని గుడ్డ, రోజూ తాజా తిప్పతీగ ఆకులు. పాత ఆకులు, రెట్ట రోజూ తీసేయాలి, లేకపోతే బూజు పట్టి పురుగు చస్తుంది. ఎండ తగలకూడదు, నీళ్ళు చల్లకూడదు. లోపల ఒక పుల్లను ఏటవాలుగా ఉంచాలి, బయటికి వచ్చిన చిమ్మటకు రెక్కలు వేలాడదీసుకోవడానికి అది కావాలి. ఆధారం దొరక్కపోతే రెక్కలు ముడతల్లోనే గట్టిపడతాయి, ఇక ఎన్నటికీ ఎగరలేదు. ఆకులు కుట్టుకున్నాక దాన్ని కదపవద్దు. ఒక్కోసారి ప్యూపా నుంచి చిమ్మటకు బదులు కందిరీగలో, ఈగలో వస్తాయి. పిల్లలు నిరాశపడకుండా, వాటిది కూడా ఈ తీగ మీద బతికే జీవితమేనని చెప్పండి. ఇంటి తీగ మీద దొరికిన పురుగు కాబట్టి ఇబ్బంది లేదు. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో మాత్రం అనుమతి లేకుండా పురుగును కూడా తీసుకు రాకూడదు.

చిమ్మట బయటికి వచ్చాక, రెక్కలు ఆరేదాకా ఆగి, సాయంత్రం ఒక బత్తాయి తొన పక్కన పెట్టండి. తాగేటప్పుడు అది రెక్కలను కొద్దిగా విప్పుతుంది, కదలదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి వెలుగు తగ్గించండి. కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి, అప్పుడు దాన్ని వెతుక్కోనక్కరలేదు. వెనుక రెక్క మధ్యలోని నల్ల మచ్చ పూర్తిగా కనిపించేలా పైనుంచి ఒక ఫోటో, తల, స్పర్శాంగాలు తెలిసేలా పక్కనుంచి ఒకటి, పరిమాణం కోసం పక్కన స్కేలు పెట్టి ఒకటి తీయండి. ఊరు, తేదీ, తీగ పేరు రాసిపెట్టి మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైటులోని ఫోటోలతో పోల్చి చూడండి. మచ్చ గుండ్రంగా ఉంటే మాటెర్నా అని మీరే రాసుకోవచ్చు. వంకరగా ఉంటే ఆ ఫోటో ఇక్కడ పెట్టండి. ఫలోనియానా, హోమీనానా అన్నది మచ్చ ఆకారాన్ని, అంచు పట్టీని కలిపి చూసి చెబుతాను.